పాత స్టయిల్ టాల్ చెస్ట్ దొరికిందా? అది అసలుదో రీప్రొడక్షనో, ఎంత విలువ చేస్తుందో తేల్చుకోవడం ఎలా

శనివారం పొద్దున్నే ఫోన్ మోగిందంటే సగం సార్లు ఇదే సంగతి. "అన్నా, ఎస్టేట్ సేల్‌లో ఉన్నాను. నిలువెత్తు సొరుగుల చెస్ట్ ఒకటి ఉంది. ఇత్తడి పిడులు, పైన చెక్కుడు పని. యాంటిక్ అంటున్నారు. తీసుకోమంటావా?" ఎస్టేట్ సేల్ అంటే ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అందులోని సామానంతా అమ్మకానికి పెట్టడం. వెనకే ఒక ఫొటో వస్తుంది. అది ఎప్పుడూ ఎదురుగా నిలబడి తీసిందే. ఆ ఫొటో చూసి నేను చెప్పగలిగేది దాదాపు ఏమీ ఉండదు. ఎందుకు ఉండదో, మరి ఏం చూడాలో ఇన్నేళ్లుగా ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఈసారి అంతా ఒకచోట రాస్తున్నాను.

నేనుండేది నార్త్ కరోలినాలో. హై పాయింట్, థామస్‌విల్, లెనోయిర్, హికరీ ఊళ్లన్నీ కారులో వెళ్లి వచ్చేంత దూరంలోనే ఉన్నాయి. అమెరికాలో చెక్క సామాను ఫ్యాక్టరీలకు పేరుపడ్డ ప్రాంతం ఇది. హై పాయింట్‌లో 1909 నుంచి ఫర్నిచర్ మార్కెట్ జరుగుతోంది. ఇక్కడి పెద్దవాళ్లు ఇల్లు ఖాళీ చేసినప్పుడు పడకగదిలోంచి ఇలాంటి చెస్ట్ ఒకటి బయటికి రావడం మామూలే. మనవాళ్లు ఎక్కువగా ఉండే కేరీ, మోరిస్‌విల్ వైపు కొత్తగా ఇల్లు కొన్నవాళ్లు వాటిని చూసి ముచ్చటపడటమూ మామూలే. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తుంది కాబట్టి ఇది అందరికీ పనికొస్తుంది.

ముందే ఒక మాట. ఎస్టేట్ సేల్స్‌లో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ఈ స్టయిల్లో కనబడే వాటిలో చాలా ఎక్కువ భాగం 20వ శతాబ్దంలో చేసిన రీప్రొడక్షన్లే. అంటే 18వ శతాబ్దపు నమూనా చూసి ఫ్యాక్టరీలో చేసినవి. అది తప్పు కాదు, మోసం కాదు. మంచి రీప్రొడక్షన్ మీ పిల్లల పిల్లల దాకా ఉంటుంది. మోసం ఎక్కడ వస్తుందంటే, దాన్ని యాంటిక్ ధరకు అమ్మినప్పుడు. నష్టం ఎక్కడ వస్తుందంటే, "ఆ, రీప్రొడక్షనే కదా" అని మంచి మహోగని చెస్ట్‌ని రోడ్డు పక్కన పెట్టేసినప్పుడు. ఈ రెండూ జరగకుండా చూసుకుంటే చాలు.

కొంచెం నేపథ్యం, ఇంతే

ఒకే పెట్టెలా నిలువుగా ఉండి ఐదారు వరసల సొరుగులుంటే టాల్ చెస్ట్. ఒక చెస్ట్ మీద ఇంకో చెస్ట్ కూర్చోబెట్టినట్టు రెండు భాగాలుంటే చెస్ట్-ఆన్-చెస్ట్. కింది భాగం పొడుగు కాళ్ల మీద బల్లలా ఉండి, పైన చెస్ట్ ఉంటే హైబాయ్. కాళ్లు వంపు తిరిగి సన్నబడితే క్వీన్ ఆన్ స్టయిల్ అంటారు. గోళాన్ని పట్టుకున్న పక్షి గోళ్లలాంటి పాదాలో, వంపు తిరిగిన బ్రాకెట్ పాదాలో ఉంటే చిపెండేల్ అంటారు. థామస్ చిపెండేల్ లండన్‌లో తన డిజైన్ల పుస్తకం అచ్చేసింది 1754లో. ఆ మోజు సముద్రం దాటి ఫిలడెల్ఫియా, న్యూపోర్ట్, వర్జీనియా వడ్రంగుల దాకా వచ్చింది.

1876లో ఫిలడెల్ఫియాలో అమెరికా శతవార్షిక ప్రదర్శన జరిగిన తర్వాత పాత స్టయిళ్ల మీద మళ్లీ ప్రేమ పుట్టింది. 1926లో వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ పునరుద్ధరణ మొదలయ్యాక అది ఇంకా పెరిగింది. కాబట్టి "చిపెండేల్ స్టయిల్" అన్న మాట వయసు చెప్పదు, ఆకారం మాత్రమే చెబుతుంది. 1770లో చేసినా 1970లో చేసినా ఆకారం అదే.

కావాల్సినవి

- మంచి టార్చ్. ఫోన్ లైటు చాలదు, పక్కనుంచి ఏటవాలుగా వేయాలి
- కొలత టేపు
- చిన్న అయస్కాంతం
- భూతద్దం, లేకపోతే ఫోన్లో మాక్రో కెమెరా
- సుద్దముక్క
- పాత దుప్పటి
- నోట్‌బుక్, పెన్ను
- ఇంకో మనిషి. ఇది తప్పనిసరి. గట్టి చెక్కతో చేసిన టాల్ చెస్ట్‌ని ఒక్కరే కదిలించడానికి పూనుకోవద్దు

1. ముట్టుకునే ముందు అడగండి, తర్వాత సొరుగులు తీయండి

సేల్ నడిపేవాళ్లను "సొరుగులు బయటికి తీసి చూడొచ్చా?" అని అడగండి. నిజాయితీగా అమ్మేవాళ్లు కాదనరు. కాదంటే అక్కడే మీకు సగం సమాధానం దొరికినట్టు.

కింది సొరుగు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే పూర్తిగా బయటికి తీయండి. ప్రతి సొరుగు వెనక పలక మీద సుద్దతో నంబరు వేయండి. చేత్తో సరిచేసి అమర్చిన సొరుగులు ఒకదాని చోట ఇంకోటి సరిగా కూర్చోవు.

జాగ్రత్త: అన్ని సొరుగులూ ఒకేసారి ముందుకు లాగి ఉంచొద్దు. బరువంతా ముందుకొచ్చి చెస్ట్ మనిషి మీద పడుతుంది. చిన్నపిల్లలు పక్కన ఉంటే ముందు వాళ్లను దూరంగా పంపండి.

సొరుగు తీయగానే మూలల్లో, పలకల సందుల్లో టార్చ్ వేసి నల్లులున్నాయేమో చూడండి. నల్లటి చుక్కలు, పారదర్శకంగా ఉండే పొట్టు కనబడితే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

2. సొరుగుని బోర్లా తిప్పండి

అసలు కథ ఇక్కడుంది. ముందు వైపు అమ్మడానికి చేసింది, సొరుగు అడుగు వాడటానికి చేసింది. పైన పటారం లోన లొటారమా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది.

నేను మొదట కొన్న చెస్ట్ సంగతి చెబుతాను. ఆరడుగుల మహోగని, గోళ్ల పాదాలు. 1780ల నాటిదని అమ్మినాయన గట్టిగా చెప్పాడు, ఆ ధరే తీసుకున్నాడు. ఇంటికొచ్చాక దుప్పటి పరిచి రెండో సొరుగు బోర్లా పెట్టాను. అడుగు పలక నున్నగా, అంచు దగ్గర మూడు పొరలు కనబడేలా ఉంది. అంటే ప్లైవుడ్. దాని మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక చెక్క పట్టీ, ఆ పట్టీ చివర ప్లస్ గుర్తున్న రెండు స్క్రూలు. వాటి గాడిలో పేరుకున్న దుమ్మును గోటితో గీరితే లోపల పాలిష్ రంగు అలాగే ఉంది, అంటే ఎవరో తర్వాత మార్చినవి కావు, ఫ్యాక్టరీలో వేసినవే. ఆ ప్లస్ గుర్తు ఫిలిప్స్ స్క్రూ 1930ల మధ్య నుంచే వాడకంలోకి వచ్చింది. 150 ఏళ్ల తేడా రెండు స్క్రూల్లో బయటపడింది. ఆ చెస్ట్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది, చక్కటి సామాను. కానీ కొనేముందు ఆ సొరుగుని తిప్పి ఉంటే దానికి నేను ఇచ్చిన డబ్బు వేరేగా ఉండేది.

ఇప్పుడు మీరు చూడాల్సినవి:

*మూలల్లో డవ్‌టెయిల్ జాయింట్.* ముందు పలక, పక్క పలక ఒకదానిలో ఒకటి దిగేలా పావురం తోక ఆకారంలో కోసిన అతుకు ఇది. చేత్తో కోసింది అయితే తోకలు పెద్దవిగా, వాటి మధ్య మిగిలే పళ్లు సన్నగా ఉంటాయి. ఒకదానికీ ఇంకోదానికీ కొలత కాస్త తేడా ఉంటుంది. పక్క పలక మీద వడ్రంగి ముందుగా గీసుకున్న సన్నటి గీత కనబడుతుంది. మెషిన్‌తో కోసింది అయితే అన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో, ఒకే దూరంలో ఉంటాయి. తోక లావూ పన్ను లావూ దాదాపు ఒకటే. ఇలా ఉంటే 1890ల తర్వాతి ఫ్యాక్టరీ పని అనుకోవచ్చు.

మూడో రకం కూడా ఉంది. అర్ధచంద్రాకారాలు వరసగా, ఒక్కో దాని మధ్యలో చిన్న గుండ్రటి మేకులాంటిది ఉంటుంది. దాన్ని నాప్ జాయింట్ అంటారు. సుమారు 1870 నుంచి 1900 దాకా అమెరికా ఫ్యాక్టరీల్లో వాడారు. అది కనబడితే వయసు దాదాపు తేలిపోయినట్టే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చేత్తో కోసిన డవ్‌టెయిల్ కనబడగానే "దొరికింది!" అని ఎగిరి గంతేస్తారు. ఖరీదైన రీప్రొడక్షన్లు చేసే కొన్ని చిన్న వర్క్‌షాపులు ఇప్పటికీ చేత్తోనే కోస్తాయి. ఒక్క ఆనవాలుతో తీర్పు ఇవ్వొద్దు.

*అడుగు పలక.* పాత సొరుగుల్లో అసలు చెక్క పలకే ఉంటుంది. అంచులు చిత్రిక పట్టి పలచన చేసి పక్కనున్న గాడిలోకి దోపి, వెనక వైపు ఒకటి రెండు మేకులు కొడతారు. దాని అడుగున అరచెయ్యి ఆనించి మెల్లగా అడ్డంగా జరపండి. చేతి చిత్రిక పట్టిన పలక మీద అలల్లా చిన్న ఎత్తుపల్లాలు చేతికి తగులుతాయి. కళ్లకు కనబడకపోయినా తగులుతాయి. ఎండలో, చలిలో వందేళ్లు ముడుచుకున్న పలక గాడిలోంచి కాస్త బయటికి జరిగి ఉంటుంది, లేదా నిలువునా సన్నగా చీలి ఉంటుంది. ప్లైవుడ్ అయితే 20వ శతాబ్దం. గోధుమరంగు అట్టలా గట్టిగా ఉండే హార్డ్‌బోర్డ్ అయితే 1920ల తర్వాత. రంపపు పొట్టు అదిమినట్టున్న పార్టికల్ బోర్డు అయితే ఇంకా తర్వాత.

*అరుగుదల.* పాత సొరుగు పక్క పలకల కింది అంచు వాడి వాడి అరిగిపోతుంది. వెనక వైపు ఎక్కువ, ముందు తక్కువ. చెస్ట్ లోపల ఆ పలక జారే పట్టాల మీద కూడా దానికి సరిపడా గాడి పడి ఉండాలి. సొరుగు అరిగి, పట్టా కొత్తగా ఉందంటే ఎవరో మార్చారు. రెండూ అరగకుండా ఉంటే, 200 ఏళ్ల సామాను అనే మాట నమ్మొద్దు.

3. వెనక, అడుగు, లోపల

చెస్ట్‌ని గోడ నుంచి జరపమనండి. వెనక వైపు అమ్మేవాళ్లు ఫొటో పెట్టరు, కొనేవాళ్లు అడగరు. మీరు అడగండి.

వెనక ఒకే పెద్ద ప్లైవుడ్ లేదా హార్డ్‌బోర్డ్ షీటు, చుట్టూ స్టేపుల్స్ ఉంటే అది రీప్రొడక్షనే, వాదన అక్కర్లేదు. వెడల్పు పలకలు పక్కపక్కన మేకులతో కొట్టి ఉంటే ఇంకా చూడాలి. టార్చ్ ఏటవాలుగా వేసి రంపం గుర్తులు చూడండి. సమాంతరంగా నిటారు గీతలుంటే పాత రంపం కావచ్చు. విల్లులా వంపు తిరిగిన గీతలుంటే గుండ్రటి రంపం, అంటే సుమారు 1830 తర్వాత. ఏ గీతా లేకుండా అద్దంలా ఉంటే ఫ్యాక్టరీ ప్లేనర్, అంటే చిత్రిక పట్టే మెషిన్.

సొరుగుల మధ్య అడ్డంగా పలచటి పలకలు పూర్తిగా పరిచి ఉన్నాయా? వీటిని డస్ట్ ప్యానెల్స్ అంటారు. పై సొరుగు దుమ్ము కింది బట్టల మీద పడకుండా, ఫ్రేమ్ బిగువుగా ఉండేలా పెడతారు. రీప్రొడక్షన్లలో ఇవి ఉండటం మంచి తయారీకి గుర్తు. మీది ఏ తరగతి రీప్రొడక్షనో తేల్చడానికి నేను మొదట చూసేది ఇదే.

4. స్క్రూలు, మేకులు, పిన్ కోడ్

నోట్‌బుక్‌లో ఇవి రాసి పెట్టుకోండి:

- ఫిలిప్స్ స్క్రూ మొదటినుంచీ ఉన్నదే అయితే: 1930ల మధ్య తర్వాత
- గుండ్రటి సన్నటి తీగ మేకులు: సుమారు 1890 నుంచి విరివిగా
- నలుచదరంగా, పక్కలు ఏటవాలుగా ఉన్న కోత మేకులు: ఎక్కువగా 19వ శతాబ్దం
- మొన తేలిన మెషిన్ స్క్రూ: 1840ల తర్వాత
- లేబుల్ మీద ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెల జోన్ నంబరు: 1943 నుంచి 1963 లోపు
- లేబుల్ మీద 5 అంకెల జిప్ కోడ్: 1963 జులై తర్వాత
- కార్బ్ స్టిక్కర్ (అదిమి చేసిన చెక్క పలకల్లోంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ వాయువుపై కాలిఫోర్నియా పెట్టిన నియమం గుర్తు): 2009 తర్వాత

జిప్ కోడ్ ఆనవాలు నాకు చాలా ఇష్టం. ఏ నైపుణ్యమూ అక్కర్లేదు, చదవడం వస్తే చాలు.

హెచ్చరిక: రిపేరు కోసం వేసిన కొత్త స్క్రూ పాత సామానుని కొత్తది చేయదు. స్క్రూ చుట్టూ పాలిష్ చెదిరిందా, పక్కన మూసేసిన పాత రంధ్రం ఉందా చూడండి. ఒకే చోట ఒకటుంటే రిపేరు. అన్ని చోట్లా ఒకేలా ఉంటే అసలు తయారీ.

5. చెక్క ఏది?

"మహోగని ఫినిష్", "చెర్రీ ఫినిష్" అని రాసి ఉంటే అది రంగు పేరు, చెక్క పేరు కాదు. మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే.

మహోగనిలో రంధ్రాలు కళ్లకు కనబడతాయి, చిన్న నల్లటి గీతల్లా. రంగు ఎరుపు కలిసిన గోధుమ. వెలుగులో అటూ ఇటూ కదిలి చూస్తే రిబ్బను చారలు మెరుస్తాయి. మన టేకు చూసి పెరిగిన కళ్లకు ఇది కొంచెం తెలిసినట్టే ఉంటుంది. టేకు మాత్రం పసుపు వైపు, మహోగని ఎరుపు వైపు. చెర్రీలో రంధ్రాలు దాదాపు కనబడవు, అక్కడక్కడ చిన్న నల్ల మచ్చలుంటాయి, వెలుతురు తగిలేకొద్దీ రంగు ముదురుతుంది. వాల్‌నట్ చాక్లెట్ రంగు, ఏళ్లు గడిచేకొద్దీ తేలికబడుతుంది. మేపుల్ బిగువుగా, లేత రంగులో ఉంటుంది.

సొరుగు పక్కలకు, వెనక పలకలకు మాత్రం ఎప్పుడూ చవక చెక్కే వాడతారు. ఇది లోపం కాదు, 18వ శతాబ్దంలోనూ అలాగే చేశారు. కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటే పోప్లర్. గోరు గుచ్చితే దిగితే పైన్. పాత న్యూ ఇంగ్లండ్ పనిలో వైట్ పైన్ ఎక్కువ, పెన్సిల్వేనియా నుంచి దక్షిణంగా పోప్లర్ ఎక్కువ.

గట్టి చెక్కా, వెనీరా? గట్టి చెక్క అంటే లోపలా బయటా ఒకటే చెక్క, వెనీర్ అంటే వేరే పలక మీద అతికించిన పలచటి చెక్క పొర. పై పలక మీద చారలు చూసి, అదే పలక పక్క చివర చూడండి. గట్టి చెక్క అయితే పైన పరుగెత్తిన చారలు చివర్లో కోసిన చెట్టు మొద్దులా చుక్కలుగా, వంపు గీతలుగా తేలతాయి. పైన ఒక రకం, చివర్లో సంబంధం లేని రకం ఉంటే వెనీర్. చారలన్నీ ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ అచ్చేసినట్టుండి, భూతద్దంలో రంధ్రాలే కనబడకపోతే అది చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం. దానికి వెల కట్టే పనే లేదు.

వెనీర్ అనగానే మొహం చిట్లించకండి. మహోగని కొమ్మ చీలే చోట కోసిన వెనీర్ మంటలా ఉంటుంది, 18వ శతాబ్దపు గొప్ప వడ్రంగులే దాన్ని సొరుగు ముందు భాగాలకు అతికారు. పాత రంపపు వెనీర్ మందంగా ఉంటుంది, కొత్తది కాగితంలా పలచన.

6. ఇత్తడి పిడులు

అయస్కాంతం పెట్టండి. గట్టిగా అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అది చవక రీప్రొడక్షన్. తర్వాత సొరుగు లోపలి వైపు నుంచి పిడి బోల్టులు చూడండి. వాటి పక్కన వాడని రంధ్రాలో, మూసేసిన రంధ్రాలో ఉంటే పిడులు మార్చారు. బయట పిడి చుట్టూ పాత పిడి ఆకారం నీడలా కనబడినా అంతే. రీప్రొడక్షన్‌లో మొదటి పిడులన్నీ ఉంటే మంచి ధర వస్తుంది. ఒకటి పోయి జత కలవకపోతే కొనేవాళ్లు వెంటనే బేరానికి దిగుతారు.

7. ఎవరు చేశారో వెతకండి

రీప్రొడక్షన్ అని తేలాక విలువలో అన్నిటికంటే పెద్ద మాట తయారీదారు పేరే. పై వరస ఎడమ సొరుగు లోపలి పక్క ముందు చూడండి. అక్కడ కాల్చిన ముద్ర, లోహపు బిళ్ల, కాగితపు లేబుల్, ఏదో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. అక్కడ లేకపోతే ప్రతి సొరుగు అడుగునా, చెస్ట్ వెనకా చూడండి. వెనక స్టెన్సిల్ అంకెలుంటే అవి మోడల్ నంబరు, ఫినిష్ నంబరు. కొందరు నెల, సంవత్సరం కూడా వేసేవారు. అన్నిటికీ ఫొటో తీయండి.

బఫెలో ఊరి కిటింజర్ కంపెనీకి విలియమ్స్‌బర్గ్ మ్యూజియం సామాను నకళ్లు చేసే లైసెన్సు 1937 నుంచి 1990 దాకా ఉండేది. ఆ గుర్తు కనబడితే జాగ్రత్తగా పట్టుకోండి. మిషిగన్ వైపు బేకర్, కిండెల్, వర్జీనియాలో వించెస్టర్‌కు చెందిన హెంకెల్ హారిస్, మా నార్త్ కరోలినాలో హెన్రెడన్, క్రాఫ్టిక్, కౌన్సిల్ పేర్లు కూడా వెతుక్కుని కొనేవాళ్లున్న పేర్లే. డ్రెక్సెల్, థామస్‌విల్, ఈథన్ ఆలెన్, బాసెట్ చాలా రకాల సామాను చాలా ధరల్లో చేశాయి, కాబట్టి పేరు ఒక్కటే చూడకుండా లైన్, మోడల్ చూడాలి.

ఏ ముద్రా లేకపోతే కంగారు వద్దు. లేబుళ్లు ఊడిపోతాయి. అప్పుడు తయారీ తరగతిని బట్టి పోవాలి: గట్టి చెక్కా, డవ్‌టెయిల్ ముందూ వెనకా రెండు వైపులా ఉందా, డస్ట్ ప్యానెల్స్ ఉన్నాయా, గోళ్ల పాదాల చెక్కుడులో కీళ్లు, గోళ్లు స్పష్టంగా తెలుస్తున్నాయా, లేక ముద్దగా ఉన్నాయా.

8. స్థితి

సొరుగులన్నీ తిరిగి పెట్టి ఒక్కొక్కటి ఒక చేత్తో తోయండి. తేలిగ్గా వెళ్లాలి. నాలుగు కాళ్లూ నేల మీద ఆనాలి. పైన వంపు తిరిగిన కమ్మీలు, మధ్యలో నిలబెట్టే మొగ్గలాంటి అలంకారం ఉంటే అవి విరిగి అతికించారేమో చూడండి. చెక్క మీద గుండ్రటి సన్నటి రంధ్రాలు, కింద పిండిలాంటి పొట్టు రాలి ఉంటే పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. పొట్టు లేకుండా రంధ్రాలు పాతబడి ఉంటే ఎప్పటిదో కావచ్చు, అయినా ధరలో తగ్గించండి.

పాలిష్ ఏదో తెలుసుకోవాలంటే, కొన్నాక మాత్రమే, వెనక కనబడని చోట దూది పుల్లతో డీనేచర్డ్ ఆల్కహాల్ అద్దండి. జిగటగా కరిగితే లక్కతో చేసిన షెల్లాక్. దానికి లొంగకుండా లాకర్ థిన్నర్‌కి కరిగితే లాకర్ అనే పాలిష్, అది 1920ల నుంచి ఫ్యాక్టరీల్లో వచ్చింది. రెండింటికీ కరగకపోతే వార్నిష్ కావచ్చు, లేదా పాలీయురేథేన్ కావచ్చు. పాలీయురేథేన్ అయితే ఇంకా కొత్తది, లేదా ఎవరో మళ్లీ పాలిష్ చేశారు. కిటికీలు తెరిచి చేయండి, దగ్గర్లో మంట వద్దు.

పెయింట్ వేసి ఉంటే గీకొద్దు, సాండింగ్ అసలే వద్దు. అమెరికాలో ఇళ్లలో వాడే పెయింట్‌లో సీసం నిషేధించింది 1978లో. అంతకుముందు పెయింటయితే ఆ దుమ్ము పిల్లలకు విషం. ఇంకో మాట, వెల కట్టించే ముందు పాలిష్ తీసేయడం, కొత్తగా వేయడం లాంటివి చేయకండి. మెత్తటి పొడి గుడ్డతో దుమ్ము తుడవండి, చాలు.

9. వెల కట్టడం

1989లో న్యూయార్క్ వేలంలో న్యూపోర్ట్ వడ్రంగుల డెస్క్-బుక్‌కేస్ ఒకటి 1.21 కోట్ల డాలర్లకు పోయింది. ఇలాంటివి విని, మన చెస్ట్‌కి కూడా అంత కాకపోయినా ఎంతో కొంత వస్తుందని లెక్కలేసుకుంటారు. ఆ లోకం వేరు. ముదురు రంగు సంప్రదాయ సామానుకు 2000ల మొదట్లో ఉన్న గిరాకీ తర్వాత బాగా పడిపోయింది. ఈ తరం ఇళ్లకు తేలిక రంగులు, తక్కువ ఎత్తు సామాను కావాలి. కొనేవాళ్లకు ఇది మంచి కాలం, అమ్మేవాళ్లకు ఓపిక కావాల్సిన కాలం.

ముందు ఏ విలువ కావాలో తేల్చుకోండి. ఇన్సూరెన్స్ కోసమైతే అలాంటిది మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో చూడాలి. అమ్మడానికైతే తొందర లేని కొనుగోలుదారు, తొందర లేని అమ్మకందారు ఒప్పుకునే మార్కెట్ విలువ. ఇల్లు ఈ నెలాఖరుకు ఖాళీ చేయాలంటే అంతకంటే చాలా తక్కువ. ఒకే చెస్ట్‌కి మూడు అంకెలు వస్తాయి, మూడూ నిజమే.

పద్ధతి ఇది:

మోడల్ నంబరు, తయారీదారు పేరుతో ఈబేలో "అమ్ముడైనవి" ఫిల్టర్ పెట్టి వెతకండి. లైవ్ ఆక్షనీర్స్‌లో వేలం ఫలితాలు చూడండి. అడుగుతున్న ధర లెక్కలోకి తీసుకోవద్దు. రెండేళ్లుగా 2,800 డాలర్లకు పెట్టి ఉన్న చెస్ట్ అంటే ఆ ధరకు ఎవరూ కొనలేదని అర్థం. మీ దానికి దగ్గరగా ఉన్నవి కనీసం మూడు పట్టుకోండి.

ఉదాహరణకు అలాంటివి 380, 450, 700 డాలర్లకు పోయాయనుకుందాం. 700 దానికి మొదటి పిడులు, ముద్ర, మచ్చలేని పాలిష్ ఉన్నాయి. మీ దానికి ముద్ర ఉంది కానీ పై పలక మీద కప్పు పెట్టిన తెల్ల మరక ఉంది, ఒక పిడి మార్చారు. అప్పుడు మీది 700 వైపు కాదు, 400 నుంచి 500 మధ్య. అందులోంచి రవాణా ఖర్చు తీసేయండి. టాల్ చెస్ట్‌కి ఇది చిన్న విషయం కాదు. వేరే రాష్ట్రం నుంచి తెప్పించుకునే ఖర్చు కొన్న ధరను మించిపోవచ్చు. అందుకే మీ చుట్టుపక్కల ఊళ్ల ధరలే అసలు ధరలు.

విరాళం ఇచ్చి టాక్స్‌లో చూపించుకోవాలంటే: డబ్బు రూపంలో కాని విరాళాలు మొత్తం 500 డాలర్లు దాటితే ఫారం 8283 కావాలి. ఒక వస్తువు, లేదా ఒకే రకం వస్తువులు కలిపి, 5,000 దాటితే అర్హత ఉన్న అప్రైజర్ (వెల కట్టే నిపుణుడు) రిపోర్టు కావాలి. మామూలు రీప్రొడక్షన్ చెస్ట్ అంతదూరం పోదు.

అప్రైజర్ ఎప్పుడు? మీరు చూసిన ఆనవాళ్లన్నీ 1800కు ముందు వైపు చూపిస్తుంటే, లేదా ఆస్తి పంపకాల గొడవ ఉంటే. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ అప్రైజర్స్, అమెరికన్ సొసైటీ ఆఫ్ అప్రైజర్స్, అప్రైజర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా జాబితాల్లో వెతకండి. విలువలో ఇంత శాతం ఫీజుగా ఇవ్వమనేవాళ్ల దగ్గరకు పోవద్దు, వాళ్ల వృత్తి నియమాలే దాన్ని ఒప్పుకోవు. "నేనే కొంటాను" అంటూ వెల కట్టేవాళ్ల దగ్గరకు అసలే పోవద్దు.

10. మీ తీర్పు సరిచూసుకోండి

నోట్‌బుక్ తెరిచి మూడు విడి ఆనవాళ్లు రాయండి: అతుకు, లోహం, చెక్క. ప్రతి దాని పక్కన అది చెప్పే కాలం రాయండి. మూడూ ఒకే కాలం చెబితే మీ జవాబు దొరికింది. రెండు ఒక మాట, ఒకటి ఇంకో మాట చెబితే ఆ ఒక్కటి రిపేరో కాదో మళ్లీ చూడండి. చెస్ట్‌లో అన్నిటికంటే కొత్తదైన, మొదటినుంచీ ఉన్న భాగం ఏదో అదే చెస్ట్ వయసు. ఎన్ని పాత ఆనవాళ్లున్నా దాన్ని దాటి వెనక్కి పోలేరు.

చెస్ట్-ఆన్-చెస్ట్, హైబాయ్ అయితే ఇంకో పరీక్ష. పై భాగం సొరుగు ఒకటి, కింది భాగం సొరుగు ఒకటి పక్కపక్కన పెట్టండి. డవ్‌టెయిల్ కోత, పక్క చెక్క, అడుగు పలక ఒకేలా ఉన్నాయా? వెనక పలకలు ఒకే రంగా? తేడా ఉంటే వేర్వేరు చెస్ట్‌ల భాగాలు తెచ్చి జత చేశారు. దీన్ని ఆ వ్యాపారంలో పెళ్లి అనే అంటారు. అలా జత చేసిన దాని విలువ బాగా తగ్గుతుంది.

తరచూ చూసే ఇంకో రెండు పొరపాట్లు. లోపల పాత వాసన, మురికి ఉంటే పాతదని నమ్మడం: గరాజ్‌లో 20 ఏళ్లుంటే ఏ చెస్ట్‌కైనా ఆ వాసన వస్తుంది. అమ్మేవాళ్ల కుటుంబ కథ నమ్మడం: "మా ముత్తవ్వది" అన్న మాట వాళ్లు మనస్ఫూర్తిగానే చెబుతుండొచ్చు, అయినా ముత్తవ్వ 1940లో షాపులో కొనుక్కుని ఉండొచ్చు కదా.

ఇంటికి తెచ్చాక వెంటనే

గోడకు బిగించండి. కొత్తగా తయారయ్యే బట్టల చెస్ట్‌లు ముందుకు పడిపోకుండా ఉండాలన్న నియమం అమెరికాలో 2023 సెప్టెంబరు 1 నుంచి తప్పనిసరి అయింది. మీరు తెచ్చిన పాతది ఆ నియమం కంటే ముందుది. హార్డ్‌వేర్ షాపులో దొరికే యాంటీ-టిప్ పట్టీలు రెండు కొనండి. గోడలో స్టడ్ (గోడ లోపల ఉండే నిలువు చెక్క) ఎక్కడుందో వెతికి ఒక చివర అక్కడ బిగించండి. రెండో చివర చెస్ట్ వెనకున్న పలచటి షీటుకు కాకుండా పై పలక కింద ఉండే గట్టి చట్రానికి బిగించండి. బరువైన బట్టలు కింది సొరుగుల్లో పెట్టండి. మీరు రాసుకున్న నోట్సు, తీసిన ఫొటోల ప్రింట్లు ఒక కవర్లో పెట్టి పై సొరుగులో ఉంచండి. రేపు ఆ చెస్ట్ ఎవరి చేతికి వెళ్లినా వాళ్లు మళ్లీ మొదటినుంచి వెతుక్కోనక్కర్లేదు.